కరివేపాకుకు పేరిచ్చిన వైద్యుడు – జోహాన్ గెర్హార్డ్ కోనిగ్

కరివేపాకు లేకుండా మన ఇళ్లలో పోపు పడదు. తెలుగువారు కరివేపాకు అన్నా, తమిళులు కరువేప్పిలై అన్నా చెట్టు ఒక్కటే. వృక్షశాస్త్రంలో దానికి బెర్గెరా కోనిగీ అని పేరు. చాలా పుస్తకాల్లో ముర్రయా కోనిగీ అని కూడా కనిపిస్తుంది. రెండింటిలోనూ మారకుండా ఉన్న మాట కోనిగీ. అది ఒక మనిషి పేరు. ఆయన ఎక్కడో బాల్టిక్ ప్రాంతంలో పుట్టి, తరంగంబాడిలో వైద్యం చేసి, ఆర్కాటు నవాబు దగ్గర కొలువు చేసి, చివరికి మన కాకినాడలో కన్నుమూశారు. కావేరిపాక్కం, వేలూరు, గుడియాత్తం పిల్లలు తెలుసుకోవలసిన జీవితం ఇది. ఎందుకంటే ఆర్కాటు మీ పక్క ఊరే. పైగా ఆయన వర్ణించిన ఒక అడవి పువ్వు మన తూర్పు కనుమల నీడలో ఇప్పటికీ పూస్తోంది.

ఉత్తర దేశపు బాల్యం

జోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728 నవంబరు 29న లివోనియాలో పుట్టారు. ఆ ప్రాంతం ఇప్పుడు లాత్వియా దేశంలో ఉంది. మొదట మందులు తయారుచేసే విద్య నేర్చుకున్నారు. ఆ కాలంలో మందులంటే ఎక్కువగా మొక్కలే. ఏ వేరు ఏ మొక్కదో, ఏ ఆకు ఏ చెట్టుదో తెలియనివాడు మందుల కొట్టు నడపలేడు. అందుకే ఆ రోజుల్లో వైద్యులు, మందుల తయారీదారులు చాలామంది వృక్షశాస్త్రం చదువుకునేవారు.

1757లో కోనిగ్ స్వీడన్‌లోని ఉప్సాలా చేరి కార్ల్ లిన్నేయస్ దగ్గర శిష్యరికం చేశారు. ప్రతి జీవికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరచింది ఈ లిన్నేయసే. పువ్వులోని కేసరాలను లెక్కపెట్టి మొక్కలను 24 తరగతులుగా విభజించింది కూడా ఆయనే. ఒకే కేసరం ఉన్న మొక్కలు మొదటి తరగతి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఉప్సాలా నుంచి కోనిగ్ డెన్మార్క్ వెళ్లి కోపెన్‌హేగన్‌లో ఆసుపత్రి పని చేశారు. 1764, 1765 సంవత్సరాల్లో ఐస్‌లాండ్ ద్వీపానికి వెళ్లి అక్కడి మొక్కలు సేకరించారు. అక్కడి చలినేల మీద కొన్ని సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే పెరిగే ఒక చిన్న మొక్కకు లిన్నేయస్ 1767లో కోనిగియా ఇస్లాండికా అని పేరు పెట్టారు. గురువు శిష్యుడికి చేసిన గౌరవం అది.

తరంగంబాడిలో

తమిళనాడు తీరంలోని తరంగంబాడి అప్పట్లో డెన్మార్క్ వారి చేతిలో ఉండేది. అక్కడి క్రైస్తవ మిషన్‌కు వైద్యుడు కావలసి వచ్చింది. కోనిగ్ 1767లో బయలుదేరారు. దారిలో ఆఫ్రికా దక్షిణ కొన దగ్గర ఓడ ఆగినప్పుడు అక్కడి మొక్కలు కూడా సేకరించి గురువుకు పంపారు. 1768లో తరంగంబాడి చేరారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటలేదు.

రోగులను చూడటం జీవనోపాధి. మొక్కలు చూడటం ప్రాణం. ఎండబెట్టిన కొమ్మలు, విత్తనాలు, వర్ణనలు ఓడల మీద ఐరోపా చేరేవి. అలా చేరిన వాటిలో మన కరివేపాకు ఒకటి. లిన్నేయస్ 1771లో దానికి శిష్యుడి పేరు కలిపి బెర్గెరా కోనిగీ అన్నారు. తరతరాలుగా ఇక్కడివారు వండుకుంటున్న ఆకు అది. దాన్ని కోనిగ్ కనిపెట్టారనడం సరికాదు. ఇక్కడివారికి తెలిసిన చెట్టును లోకమంతా ఒకే పేరుతో గుర్తించేలా చేశారు అనడం సరైన మాట.

1773లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయం ఆయన అక్కడ లేకపోయినా డాక్టర్ పట్టం ఇచ్చింది. ఆయన దృష్టి మొక్కల దగ్గరే ఆగలేదు. తంజావూరు ప్రాంతంలో చెదపురుగుల పుట్టలను పరిశీలించి రాసిన వ్యాసం 1779లో బెర్లిన్‌లో అచ్చయింది. దక్షిణ భారతదేశపు చెదలను గురించి శాస్త్రీయంగా రాసిన తొలి రచనల్లో అది ఒకటి.

తరంగంబాడిలో ఆయన చుట్టూ మొక్కల మీద ఆసక్తి ఉన్న మిషనరీలు, వైద్యులు చేరారు. ఒకరికి దొరికిన మొక్క మరొకరికి పంపేవారు, పోల్చి చూసేవారు. రోట్లర్, క్లైన్, హైనె లాంటివారు ఈ వరుసలో తర్వాత పేరు తెచ్చుకున్నారు. గురువు ఒక్కడే అయినా చదువు ఎలా పాకుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆర్కాటు కొలువు

మిషన్ ఇచ్చే జీతం ఇల్లు గడవడానికి సరిపోయేది. కొండలు, అడవులు తిరగాలంటే బండ్లు, కూలీలు, కాగితం, గుడారం కావాలి. ఆ ఖర్చుకు డబ్బు లేదు. 1774లో కోనిగ్ మిషన్ పని వదిలి ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా దగ్గర ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా చేరారు.

ఈ నవాబు పేరు మీకు కొత్త కాదు. వాలాజాపేట ఆయన పేరు మీదే ఉంది. ఆయన గద్దె నిలబడటానికి కారణమైన యుద్ధాల్లో ఒకటి 1752 ఫిబ్రవరిలో కావేరిపాక్కం దగ్గరే జరిగింది. మామిడితోపులో దాచి ఉంచిన ఫ్రెంచి ఫిరంగులను రాబర్ట్ క్లైవ్ సైన్యం రాత్రివేళ వెనుక నుంచి చుట్టుముట్టి పట్టుకుంది. ఆ యుద్ధం తర్వాత మహమ్మద్ అలీ పక్షానికి బలం పెరిగింది. నవాబు మాత్రం తర్వాతి కాలంలో మద్రాసు చేపాక్కంలోని భవనంలోనే ఎక్కువగా ఉన్నారు. ఆంగ్లేయ వ్యాపారుల దగ్గర అప్పుల్లో మునిగిపోయారు. అయినా ఆ కొలువు కోనిగ్‌కు నాలుగేళ్ల పాటు తిరిగే వీలు కల్పించింది. మద్రాసుకు ఉత్తరాన ఉన్న కొండల్లోకి, సింహళానికి ఆ కాలంలోనే వెళ్లారు.

1778లో ఆయన ఈస్టిండియా కంపెనీ పనిలో చేరారు. కంపెనీకి కావలసింది వ్యాపారానికి పనికొచ్చే మొక్కలు, ఖనిజాలు. కోనిగ్‌కు కావలసింది ఎవరూ వర్ణించని మొక్కలు. ఇద్దరి అవసరాలూ ఒక ఓడలో కలిశాయి. సయాం, మలక్కా తీరాలకు ఆయన్ను పంపారు. సయాం అంటే నేటి థాయ్‌లాండ్. 1780లో తిరిగి వచ్చేదాకా ఆయన రోజువారీ దినచర్య రాసుకున్నారు. అది చాలాకాలం తర్వాత, 1894లో ఆంగ్లంలో అచ్చయింది.

ఒక కేసరం మొక్కలు

ఆ ప్రయాణంలో కోనిగ్ అల్లం, పసుపు జాతుల మీద ప్రత్యేకంగా పనిచేశారు. ఆ పని ఎంత కష్టమో చూడండి. ఈ మొక్కల పువ్వులు మెత్తగా, నీరు నిండి ఉంటాయి. కాగితాల మధ్య పెట్టి ఎండబెడితే ఆకారం చెడి గోధుమరంగు ముద్దగా మారతాయి. ఐరోపాలో కూర్చున్న పండితుడు ఆ ముద్దను ఎంత చూసినా ఏ భాగం ఏదో చెప్పలేడు. అందుకే మొక్క ఉన్నచోటుకే వెళ్లి, పువ్వు విచ్చిన పూటే విప్పి చూసి, అక్కడికక్కడే రాయాలి. కోనిగ్ చేసింది అదే.

ఈ పువ్వులన్నిటిలో పనిచేసే కేసరం ఒక్కటే. మిగతా కేసరాలు రూపం మార్చుకుని రేకుల్లా కనిపిస్తాయి. మనం అందమైన రేకు అనుకునేది నిజానికి రేకు కాదు, కలిసిపోయిన కేసరాలు. కాబట్టి ఇవన్నీ లిన్నేయస్ మొదటి తరగతిలోకి వస్తాయి. ఒక కేసరం మొక్కల గురించి కోనిగ్ రాసిన వర్ణనలను స్వీడన్ పండితుడు రెట్జియస్ 1783లో తన గ్రంథంలో చేర్చి అచ్చు వేయించారు.

అందులో తెల్లగా, సువాసనగా ఉండే హెడీకియం ఉంది. ఆ గ్రీకు మాటకు తీపి మంచు అని అర్థం. అందులోనే ఇంకొక పువ్వు ఉంది. మన కథకు ముఖ్యమైనది అదే. దాన్ని తెలుగులో చెంగల్వ కోష్టు అంటారు.

నీడలో పూసే చెంగల్వ కోష్టు

చెంగల్వ అంటే ఎర్రకలువ. కానీ ఈ మొక్క చెరువులో పూయదు. అడవిలో తేమ ఉన్న వాగుల ఒడ్డున, పెద్ద చెట్ల నీడలో, ఆకులు కుళ్లి మెత్తబడిన నేలలో పెరుగుతుంది. వేసవిలో పైభాగం ఎండిపోయినా నేలలో కొమ్ము బతికి ఉంటుంది. వానలు పడగానే చెరుకుగడలాంటి కాండం లేస్తుంది. మనిషి ఎత్తు, అంతకంటే ఎక్కువ కూడా పెరుగుతుంది. తూర్పు కనుమల్లోను, పశ్చిమ కనుమల్లోను ఇది సహజంగా ఉంది. ఇక్కడి నుంచి ఆగ్నేయాసియా దాకా దీని స్వస్థలమే.

దీన్ని గుర్తుపట్టడానికి ఏ పరికరాలూ అక్కర్లేదు. కళ్లు, చేతులు, ముక్కు చాలు. మీరూ అలాగే చూడవచ్చు.

మొదట ఆకులు చూడండి. అల్లం, పసుపు మొక్కల్లో ఆకులు కాండానికి రెండు వైపులా ఎదురెదురు వరుసల్లో ఉంటాయి. చెంగల్వ కోష్టులో ఒక ఆకు తర్వాత ఒక ఆకు కాండం చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోతాయి. గుండ్రటి మెట్లదారి గుర్తొస్తుంది. కాండం కూడా ఆ మెలికతో కొంచెం వంగి ఉంటుంది. ఈ ఒక్క లక్షణం చాలు, ఇది అల్లం కాదని చెప్పడానికి.

తర్వాత ఆకు అడుగుభాగాన్ని వేలితో తాకండి. పట్టులా మెత్తని నూగు తగులుతుంది. ఆకు కొసను కొంచెం నలిపి వాసన చూడండి. అల్లం ఆకులో ఉండే ఘాటు ఇందులో ఉండదు.

పువ్వు కాండం చివర వస్తుంది. ఎర్రటి పుచ్ఛాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఒక గుత్తి ఉంటుంది. దాని నుంచి రోజుకు ఒకటి రెండు తెల్లని పువ్వులు బయటకు వస్తాయి. నలిపి విప్పిన పల్చని కాగితంలా ముడతలతో ఉంటాయి, గొంతులో పసుపు ఛాయ ఉంటుంది. పువ్వు ఎక్కువసేపు నిలవదు. పువ్వు రాలినా ఎర్రటి పుచ్ఛాలు మిగిలే ఉంటాయి. కాయ కూడా ఎర్రగానే ఉంటుంది. పగిలితే నల్లని గింజలు, వాటికి అంటుకున్న తెల్లని కండ కనిపిస్తాయి.

ఒక పేరు, రెండు వేర్లు

ఇంత శ్రద్ధగా గుర్తుపట్టడం ఎందుకు అని అడగవచ్చు. చెంగల్వ కోష్టు అనే పేరే దానికి జవాబు. మన భాషలో ఈ పేరు రెండు మొక్కలకు ఉంది. ఒకటి మనం ఇప్పటిదాకా చెప్పుకున్నది. రెండోది హిమాలయాల్లో, కాశ్మీరు వైపు చల్లని ఎత్తుల్లో పెరిగే మొక్క. దాని వేరే ఆయుర్వేదంలో కుష్ఠం. రెండు మొక్కలకూ ఎలాంటి చుట్టరికం లేదు. హిమాలయపు మొక్క చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందింది. కానీ పచారీ కొట్టులో ఎండు వేరు ముక్కలుగా ఉన్నప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి ఇచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. మందు మారితే గుణం కూడా మారుతుంది. రోగికి అది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

తికమక ఇక్కడితో ఆగలేదు. ఇప్పుడు మన ఊళ్లలో చాలామంది కుండీల్లో ఇన్సులిన్ మొక్క పెంచుతున్నారు. దాని ఆకులు కూడా మెలికలుగానే ఉంటాయి. కుటుంబం ఒకటే కాబట్టి పోలిక సహజం. కానీ అది బ్రెజిల్ నుంచి వచ్చిన మొక్క. పొట్టిగా ఉంటుంది, పువ్వు నారింజరంగులో ఉంటుంది. తెల్లపువ్వు, ఎర్రపుచ్ఛాల మన అడవి మొక్క అది కాదు. ఒకదాని గురించి విన్నమాట నమ్మి ఇంకొకదాని ఆకు నమలడం మంచిది కాదు. ఏ మొక్కనైనా పేరు విని నోట్లో పెట్టుకోకూడదు.

మందుల వైద్యుడిగా బతుకు మొదలుపెట్టిన కోనిగ్‌కు ఈ ప్రమాదం బాగా తెలుసు. ఒక మొక్కకు ఒకే పేరు, ఆ పేరుకు ఒక స్పష్టమైన వర్ణన ఉండాలన్న పట్టుదల వెనుక ఉన్నది ఇదే.

పోయిన పేరు

కోనిగ్ ఈ పువ్వుకు బాంక్సియా స్పీసియోసా అని పేరు పెట్టారు. స్పీసియోసా అంటే చూడముచ్చటైనది. మొదటి మాట లండన్‌లోని జోసెఫ్ బ్యాంక్స్ గౌరవార్థం. కెప్టెన్ కుక్‌తో ప్రపంచయాత్ర చేసిన బ్యాంక్స్ ఆ కాలంలో ప్రకృతి శాస్త్రజ్ఞులకు పెద్ద అండ.

కానీ ఒక ఇబ్బంది వచ్చింది. కోనిగ్ వర్ణన అచ్చయిన 1783కు ఒక్క సంవత్సరం ముందు, 1782లో, లిన్నేయస్ కుమారుడు ఆస్ట్రేలియా మొక్కలకు బ్యాంక్స్ పేరు పెట్టేశారు. ఒకే పేరు రెండు ప్రజాతులకు ఉండకూడదు. ముందు అచ్చయినదే నిలుస్తుంది. తరంగంబాడి నుంచి స్వీడన్‌కు ఉత్తరం చేరడానికి నెలలు పట్టే రోజుల్లో, ఎక్కడో అచ్చయిన పుస్తకం సంగతి కోనిగ్‌కు తెలిసే అవకాశం తక్కువ. ఆయన పెట్టిన మొదటి మాట అలా పోయింది.

1791లో ఆంగ్ల పండితుడు స్మిత్ ఈ మొక్కను కోస్టస్ అనే ప్రజాతిలో చేర్చారు. ఆ మాట ప్రాచీనులు కాశ్మీరపు వేరుకు వాడినదే. అంటే మన తెలుగు పేరులో ఉన్న తికమకే లాటిన్ పేరులోకి కూడా వచ్చింది. అదే సంవత్సరం రెట్జియస్ ఇదే మొక్కకు హెల్లేనియా అని ఇంకొక పేరు పెట్టారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. రెండు వందల ఏళ్లకు పైగా కోస్టస్ స్పీసియోసస్ అన్న పేరే పుస్తకాల్లో నడిచింది. డి.ఎన్.ఏ. పరీక్షలు వచ్చాక, ఆసియాలోని ఈ మొక్కలు అమెరికా, ఆఫ్రికా కోస్టస్‌ల నుంచి వేరని తేలింది. 2006లో దీనికి కైలోకోస్టస్ అని కొత్త పేరు పెట్టారు. కొన్నేళ్లకే పాత పేరు హెల్లేనియాకు హక్కు ఉందని గుర్తించి దాన్ని తిరిగి తెచ్చారు.

ఇన్ని మార్పుల్లోనూ రెండు విషయాలు చెక్కుచెదరలేదు. ఒకటి, స్పీసియోసా అన్న మాట. రెండు, పేరు పక్కన కుండలీకరణంలో జె. కోనిగ్ అని రాయడం. మొక్కను వేరే ప్రజాతికి మార్చినా దాన్ని మొదట వర్ణించినవారి పేరు తీసివేయకూడదన్నది వృక్షశాస్త్రంలో నియమం.

కాకినాడలో చివరి రోజులు

1782లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు విశాఖపట్నం వెళ్తూ తరంగంబాడిలో కోనిగ్‌ను కలిశారు. పాముల గురించి పరిశోధించిన రస్సెల్ ఈయనే. తర్వాత కోనిగ్ కలకత్తా వైపు ప్రయాణంలో విశాఖపట్నంలో రస్సెల్‌ను, సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్‌ను కలిశారు. రాక్స్‌బర్గ్ అక్కడ మిరియాలు తదితర మొక్కలు పెంచుతూ తెలుగు ప్రాంతపు వృక్షసంపదను అధ్యయనం చేస్తుండేవారు.

ఆ ప్రయాణాల్లోనే కోనిగ్‌కు రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. రాక్స్‌బర్గ్ వైద్యం చేశారు. ఫలితం దక్కలేదు. 1785 జూన్ 26న కాకినాడలోని జగన్నాథపురంలో కోనిగ్ మరణించారు. అప్పటికి ఆయనకు 56 ఏళ్లు. తన పేరు మీద పెద్ద గ్రంథమేదీ అచ్చు కాలేదు. రాతప్రతులన్నీ జోసెఫ్ బ్యాంక్స్‌కు చెందాలని రాసిపెట్టారు. అవి లండన్ చేరాయి. ఆర్కిడ్‌ల మీద ఆయన రాసిన వర్ణనలను రెట్జియస్ 1791లో, అంటే ఆయన పోయిన ఆరేళ్లకు ప్రకటించారు.

ఆయన ఖాళీ చేసిన కంపెనీ ఉద్యోగం రస్సెల్‌కు, తర్వాత రాక్స్‌బర్గ్‌కు వచ్చింది. కోరమాండల్ తీరపు మొక్కల గురించి రాక్స్‌బర్గ్ తెచ్చిన మూడు సంపుటాలు, 300 చిత్రాలు 1795 నుంచి వెలువడ్డాయి. వాటిలో మొక్కల తెలుగు పేర్లు కూడా రాశారు. ఆ పనికి దారి వేసినవారిలో కోనిగ్ ముందువరుసలో ఉన్నారు.

మీరు చేయగలిగింది

చెంగల్వ కోష్టు దుంపలో స్టెరాయిడ్ మందుల తయారీకి ముడిసరుకైన డయోస్‌జెనిన్ ఉందని తేలాక దాని కోసం తవ్వేవారు పెరిగారు. దుంప తవ్వితే ఆ మొక్క తిరిగి మొలవదు. పైన చెట్లు కొట్టేసినా నష్టమే. నీడ పోతే నేల తేమ పోతుంది, తేమ పోతే ఇది బతకదు.

కాబట్టి వానాకాలంలో జవ్వాదు కొండలకో, ఏలగిరికో, గుడియాత్తం వైపు అడవి అంచులకో పెద్దవారితో వెళ్లినప్పుడు ఎక్కడైనా మెలికలు తిరిగిన ఆకులు, ఎర్రటి పుచ్ఛాల మొక్క కనిపిస్తే పీకకండి. ఆకుల వరుస చూడండి, పువ్వు బొమ్మ గీయండి లేదా ఫొటో తీయండి. తేదీ, చోటు, పక్కన నీరుందా, ఎంత నీడ ఉంది అన్నవి నోట్‌బుక్‌లో రాయండి. ఆ ఊరివారు దాన్ని తమిళంలో ఏమంటారో, తెలుగులో ఏమంటారో అడిగి రెండూ రాసుకోండి. రెండు భాషలూ తెలిసిన మీకు ఈ పని తేలిక. కోనిగ్ తన జీవితమంతా చేసింది ఇలాంటి రాతపనే. ఆ రాత మిగిలింది కాబట్టే ఆయన పేరు కూడా మిగిలింది.